హార్డ్ డిస్కు చచ్చిపోవాలి!

ప్రతి ఇంట్లోనూ మూడేళ్లకొకసారి హార్డ్ డిస్కు చచ్చిపోవాలి. దానంతట అది చావకపోతే ప్రభుత్వమే మనిషిని పంపి చంపించాలి!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. చచ్చిన హార్డ్ డిస్కుతో తొమ్మిది రోజులు ఒకే ఇంట్లో ఉన్నవాణ్ణి. గాలి కబుర్లు కావు, అనుభవం.

కిందటి వారం మంగళవారం పొద్దున్న కాలమ్ రాద్దామని కంప్యూటర్ ఆన్ చేశాను. రోజూ కనబడే కొండల బొమ్మ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరసలు వచ్చాయి. నాకు డిస్కు కనిపించడం లేదు, డిస్కు పెట్టి ఏదైనా మీట నొక్కు అని వాటి సారాంశం. డిస్కు దాని కడుపులోనే ఉంది! ఏడేళ్లుగా అక్కడే ఉంది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా?

మీట నొక్కాను. మళ్లీ అవే రెండు వరసలు. ఆపేసి, పదంకెలు లెక్కపెట్టి, మళ్లీ ఆన్ చేశాను. లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది. మా గోడగడియారం కూడా అంత క్రమశిక్షణతో కొట్టుకోదు.

ఇందులో మేలేముందంటారా? ఆగండి, ఒక్కొక్కటే చెబుతాను.

మేము ఈ బిల్డింగులో పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఇన్నేళ్లలో ఎవరూ మా తలుపు తట్టి "బాగున్నారా?" అన్న పాపాన పోలేదు. డిస్కు పోయిందని లిఫ్టులో ఒక్క మాట అన్నానో లేదో, సాయంత్రానికి ఇంట్లో కుర్చీలు చాల్లేదు! నాకు జ్వరమొస్తే రానివాళ్లు నా కంప్యూటర్‌కి జ్వరమొస్తే వచ్చారు. సమాజంలో మానవత్వం ఇంకా బతికే ఉందని ఆ రోజే తెలిసింది.

అందరికంటే ముందు వచ్చింది పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజనీరు. ఆయన్ను మేమంతా మూడు స్క్రూలాయన అంటాం. ఏ వస్తువు విప్పి బిగించినా చివరికి మూడు స్క్రూలు మిగల్చడం ఆయన అలవాటు. అవి అసలు అక్కర్లేని స్క్రూలని, కంపెనీవాళ్లు తెలివితక్కువతనం కొద్దీ పెట్టారని ఆయన వాదన.

ఆయన కంప్యూటర్ పెట్టె విప్పి, డిస్కును బయటికి లాగి, చెంచా కాడతో దాని నెత్తిన నాలుగు మొట్టాడు. "లోపల ముల్లు ఇరుక్కుంటుందండీ. తడితే కదులుతుంది" అన్నాడు. కదల్లేదు. తలకిందులుగా పెట్టి మళ్లీ తట్టాడు. టిక్ టిక్ కాస్తా టక్ టక్ అయింది. "చూశారా, గొంతు మారింది!" అని సంతోషించాడు.

ఎదురింటి డ్రాయింగు టీచరు డిస్కును ఫ్రిజ్‌లో పెట్టమంది. ఆవిడ తోడికోడలు ఎక్కడో చదివిందట. ఒక పూటంతా మా హార్డ్ డిస్కు పాల ప్యాకెట్ల పక్కన చల్లగా పడుకుంది. తీసి చూస్తే ఒళ్లంతా చెమటలు పట్టి ఉంది. తుడిచి మళ్లీ తగిలించాం. అవే రెండు వరసలు.

ఇక మా బావమరిది ఫోన్ చేశాడు.

"బ్యాకప్ తీసుకున్నావా బావా?"

ఈ ప్రశ్న గురించి రెండు ముక్కలు చెప్పాలి. మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నవాడి మంచం పక్కన కూర్చుని "చూసుకుని దిగొచ్చు కదా" అనే జాతి ఒకటుంది. ఆ జాతివాళ్లు చదువుకుని ఫోన్లు కొనుక్కున్నాక అడిగే ప్రశ్న ఇది. ఒక్క రోజులో పదిహేడు మంది అడిగారు. మా బావమరిదే మూడుసార్లు అడిగాడు. మూడోసారి నాకు ఒళ్లు మండి, "మరి నువ్వు తీసుకున్నావా?" అన్నాను.

"నాది ఇంకా పోలేదుగా బావా!" అన్నాడు.

ఎంత చక్కటి మాట! ఇలాంటి తత్వజ్ఞానం డిస్కు బతికున్నప్పుడు మన చెవిన పడుతుందా?

అన్నిటికంటే పెద్ద మేలు మనసు తేలికవడం. ఆ డిస్కులో నా వెయ్యీ పన్నెండు కాలమ్స్ ఉన్నాయి. వాటిలో సగం, మిగతా సగానికి నకళ్లేనని గిట్టనివాళ్లంటారు. తొమ్మిది వేల ఫొటోలున్నాయి. అందులో ఒక మూడు వేలు నా బొటనవేలివే. 'ముఖ్యం' అని ఒక ఫోల్డర్, 'చాలా ముఖ్యం' అని ఇంకొకటి, 'తర్వాత చూడాలి' అని మరొకటి. ఈ మూడో దాన్ని ఏనాడూ చూసింది లేదు. ఒక్క టిక్కుతో అంతా పోయింది! సన్యాసం పుచ్చుకున్నవాళ్లకు కూడా ఇంత సుఖం ఉండదు.

మా ఎడిటర్‌కు ఫోన్ చేసి, ఇరవై ఏళ్ల కాలమ్స్ పోయాయి, మీ ఆఫీసులో కాపీలున్నాయా అని అడిగాను. ఆయన, "లేవండీ. ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. అహంకారం దిగడానికి ఇంతకంటే చవకైన మందు ఎక్కడ దొరుకుతుంది?

అన్నట్టు ఒక చిన్న విషయం మరిచాను. ఆ డిస్కులోనే మా ఆవిడ పుస్తకం కూడా ఉంది.

మా ఆవిడ నర్సు. పందొమ్మిదేళ్లుగా ఒకే ఆసుపత్రి, ఒకే జనరల్ వార్డు. యూనిఫాం జేబులో అరచేయంత నోటుబుక్కు పెట్టుకుని, వార్డులో మనుషులు అన్న మాటలు ఖాళీ దొరికినప్పుడల్లా రాసుకునేది. జబ్బుల సంగతులు కావు, మాటలు. సూది గుచ్చేటప్పుడు ఎవరు ఏ పేరు పిలిచారు, డిశ్చార్జ్ చీటీ చేతికొచ్చాక కూడా మంచం దిగనన్నది ఎవరు, ఇలాంటివి. అలా పధ్నాలుగు నోటుబుక్కులు నిండాయి.

వాటిని కంప్యూటర్లోకి ఎక్కించమని సలహా ఇచ్చింది నేనే. "కాగితానికి చెద పడుతుంది. కంప్యూటర్లో అయితే భద్రంగా ఉంటుంది. ఎక్కడికి పోతుంది?" అన్నాను. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, మధ్యాహ్నాలు ఒక గంట కూర్చుని, రెండు వేళ్లతో రెండేళ్లు కొట్టింది. పూర్తయ్యాక ఆ పధ్నాలుగు నోటుబుక్కులూ పాత పేపర్లవాడికి వేసిందీ నేనే. అల్మారాలో చోటు కలిసొస్తుందని!

ఆ పుస్తకానికి 'వార్డు కబుర్లు' అని పేరు పెట్టుకుంది. మూడేళ్ల కిందట ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "అయిపోయింది. మీరు రాసేవాళ్లు కదా, ఒకసారి చదివి ఎలా ఉందో చెప్పండి" అంది. సరేనన్నాను. వారం పోయాక, "చదివారా?" అని అడిగింది.

"ఆఁ, చదివాను. బాగుంది. ముఖ్యంగా మధ్యలో చాలా బాగుంది."

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? నేను చదవలేదు.

చదవకూడదని కాదు. ఆ వారం కాలమ్ ఇవ్వాల్సి ఉంది. ఆ పై వారం కూడా ఇవ్వాల్సి వచ్చింది. కాలమ్స్‌కున్న రోగమే అది, వారం వారం వస్తాయి. పైగా పుస్తకం ఎక్కడికి పోతుంది? ఒకే గదిలో, ఒకే బల్ల మీద, నేను రోజూ కూర్చునే కంప్యూటర్లోనే ఉందాయె! ఇక 'మధ్యలో బాగుంది' అన్న మాట సంగతి అంటారా, అది పుస్తకావిష్కరణ సభల్లో నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టిన మాట. మధ్య లేని పుస్తకం ఉండదు. తమ పుస్తకం మధ్యలో బాగుందంటే కాదనే రచయిత ఇంకా పుట్టలేదు.

ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. గండం గడిచిందనుకున్నాను.

డిస్కు పోయిన మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కొత్త నోటుబుక్కు, పెన్ను పట్టుకుని భోజనాల బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది.

"పోతే పోయింది లెండి. ఏడుస్తూ కూర్చుంటే వస్తుందా? మీరు చదివారుగా! మీకు గుర్తున్నంతవరకు చెప్పండి, రాసుకుంటాను. నాకు గుర్తున్నవి నేను కలుపుకుంటాను" అంది.

నేను మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపాను.

"మధ్య నుంచే మొదలుపెట్టండి. మీకు అక్కడే బాగా నచ్చిందిగా" అంది మళ్లీ.

మంచినీళ్లు తాగాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను. "ఒక రోగి ఉంటాడు" అన్నాను.

ఆవిడ రాసుకుంది. "ఆ తర్వాత?"

"అతనికి ఒంట్లో బాగుండదు."

అదీ రాసుకుంది! "ఏ నంబరు బెడ్డు?"

"ఆరు" అన్నాను, ధైర్యం చేసి.

పెన్ను ఆగింది. "మా వార్డులో ఆరో నంబరు బెడ్డు లేదండీ. ఆ చోట కుళాయి గది తలుపు వచ్చింది. ఐదు తర్వాత ఏడే. మొదటి పేజీ మొదలయ్యేదే దాంతో కదా!" అంది. నేను నోరు తెరిచే లోపల, "మరిచిపోయుంటారు. మూడేళ్లయింది కదా" అని తనే అని, నోటుబుక్కు మూసి, లేచి వెళ్లింది. పొద్దున్నుంచి నిలబడిన కాళ్లు. బల్ల పట్టుకుని లేచింది.

నాకు సిగ్గేసింది. నేనేదో హాస్యానికి అనడం లేదు, నిజంగానే సిగ్గేసింది.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. డిస్కు బతికితే ఆవిడ పుస్తకం బతుకుతుంది. డిస్కు చస్తే నా పరువు బతుకుతుంది. చచ్చిన డిస్కు ఎవరికీ సాక్ష్యం చెప్పదు కదా! హార్డ్ డిస్కు చావడం వరమని మీతో వాదించాలన్న ఆలోచన నాకు ఆ మధ్యాహ్నమే పుట్టింది. అది ఎంత నీచమైన ఆలోచనో కూడా అప్పుడే తెలిసింది. అయినా నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు మూడు స్క్రూలాయన ఈసారి సుత్తి పట్టుకుని వచ్చాడు. ఆయన చేతిలోంచి డిస్కు లాక్కున్నాను.

మర్నాడు రిపేరు షాపుకు వెళ్దామన్నాను. మా ఆవిడ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది.

సందు చివర ఇరుకైన షాపు. గోడ వారగా పాత కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. షాపు నడిపేది ఒక పెద్దావిడ. కళ్లద్దాలు నెత్తి మీద ఒక జత, ముక్కు మీద ఒక జత. ఆవిడ డిస్కుకు తన వైరు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది.

"దీన్ని ఎవరు కొట్టారు?" అంది.

నేను గోడ వారగా ఉన్న పాత కంప్యూటర్లను లెక్కపెట్టాను.

"ఫ్రిజ్‌లో కూడా పెట్టారా?"

"ఒక్క పూటే" అన్నాను.

"చుట్టాలంతా తలో వైద్యం చేశాక పేషెంటుని తీసుకొచ్చారన్నమాట" అంది మా ఆవిడ. షాపావిడ, మా ఆవిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే వృత్తిలా ఉంది. ఆ క్షణంలో వాళ్లకు కుదిరిన స్నేహం మాకు పెళ్లైన కొత్తలో కూడా కుదరలేదు.

డిస్కును షాపావిడ తన కంప్యూటర్‌కు కలిపింది. తెర మీద ఒక్కొక్కటే పేర్లు వచ్చాయి. కాలమ్స్. ఫొటోలు. ముఖ్యం. చాలా ముఖ్యం.

"ప్రస్తుతానికి కనిపిస్తోంది కానీ లోపల ముల్లు తడబడుతోంది సార్. ఐదు నిమిషాలుంటుందో, గంటుంటుందో చెప్పలేను. అన్నీ తీస్తూ కూర్చుంటే ఏదీ దక్కదు. ఒక్కటి చెప్పండి. ముందు ఏది తీయమంటారు?"

తెర మీద అన్నిటికంటే పైన ఉన్నది నా కాలమ్స్. ఇరవై ఏళ్లవి. మా ఎడిటర్ దగ్గర కూడా లేనివి.

"వార్డు కబుర్లు" అన్నాను.

త్యాగమనుకునేరు! మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

షాపావిడ దాన్ని వెతికి పట్టుకుంది. ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. "ఇదా? ఖాయంగా ఇదేనా? బాగా చూసుకోండి సార్. రాయడం అయిపోయిన రోజే దీన్ని ఆఖరుసారి తెరిచినట్టుంది. తేదీ చూడండి, మూడేళ్లు దాటింది. ఆ తర్వాత ఒక్కరూ ముట్టుకోలేదు. పనికొచ్చేదో కాదో త్వరగా చెప్పండి, టైం లేదు."

టిక్, టిక్, టిక్. నేలలో కూరుకుపోవాలంటే ఆ షాపులో కాలు పెట్టడానికే చోటు లేదు, కూరుకుపోవడం కూడానా!

"పనికొచ్చేదే. తీయండి" అంది మా ఆవిడ.

నా వైపు చూడలేదు. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా జరిగింది. రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా మా ఆవిడ చెయ్యి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. గీత చివరిదాకా వచ్చింది. షాపావిడ ఫైలు తెరిచి, పై నుంచి కింది దాకా జరిపి చూసి, "మొత్తం వచ్చిందమ్మా" అంది. మా ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. పందొమ్మిదేళ్లు వార్డులో పనిచేసిన మనిషి అలా నలుగురిలో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వెంటనే షాపావిడ నా కాలమ్స్ మీద చెయ్యి వేసింది. టిక్కు ఆగింది. మళ్లీ రాలేదు. వెయ్యీ పన్నెండూ హరీమన్నాయి.

బస్టాపు దాకా ఆవిడ వెనకే నడిచాను. చివరికి నేనే, "నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు మధ్యలో బాగుందన్నప్పట్నుంచి" అంది. "చదివినవాళ్లు నన్ను ఒక మాట అడగాలి. మీరు అడగలేదు."

"ఏం మాట?"

"పుస్తకంలో ఉంది."

దారిలోనే జెరాక్సు షాపులో ప్రింటు తీయించాను. నూట ఎనభై ఆరు పేజీలు. మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్లగానే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఆరో నంబరు బెడ్డు లేకపోవడం ఉంది. నవ్వు ఆపుకోలేకపోయాను. నలభై పేజీలయ్యాక నవ్వడం మానేశాను. ఇరవై ఏళ్లుగా మనుషుల గురించి వెక్కిరిస్తూ రాస్తున్న నాకు, నా బల్ల మీదే రెండు వేళ్లతో ఇలా రాస్తున్నారని తెలియలేదు. అసూయ కూడా కలిగింది. ఉన్నమాట చెప్పాలి కదా.

తొంభై మూడో పేజీలో ఇలా ఉంది. "పదకొండో నంబరు బెడ్డు తాతగారు రోజూ తన చెప్పుల్ని కిటికీ వైపు తిప్పి పెట్టమనేవారు. తలుపు వైపు కాదు, కిటికీ వైపు. మాది మూడో అంతస్తు. ఎందుకో నాకొక్కదానికే చెప్పారు. అది ఇక్కడ రాయను. ఇంతవరకు చదివినవాళ్లు వచ్చి అడిగితే చెబుతాను."

నూట ఎనభై ఆరులో తొంభై మూడు. సరిగ్గా మధ్యలో!

ఆవిడ వచ్చేసరికి నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఆవిడ చేతిలో సంచి ఇంకా కింద పెట్టనేలేదు. "ఆ తాతగారు చెప్పులు కిటికీ వైపు ఎందుకు పెట్టించుకునేవారు?" అని అడిగాను.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సంచి పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎందుకూ లేదు. ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని. డాక్టర్లొచ్చారు, చూడ్డానికి చుట్టాలొచ్చారు, ఎవరూ అడగలేదు. పధ్నాలుగో రోజున నేనడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు గంటసేపు కబుర్లు చెప్పారు" అంది. తర్వాత చెప్పులు విప్పుకుంటూ, "మీకు మూడేళ్లు పట్టింది" అంది.

అందుచేత అయ్యా, అమ్మా, నా వాదన అలాగే ఉంది. హార్డ్ డిస్కు చచ్చిపోవాలి. మీ ఇంట్లో కూడా ఎవరో ఏదో భద్రంగా దాచి, చూస్తారని ఎదురుచూస్తుంటారు. అది కంప్యూటర్లోనే ఉందిగా, ఎక్కడికి పోతుందని మీరూ అంటూనే ఉంటారు. బ్యాకప్ తీసుకున్నారా అని నేను అడగను. మా బావమరిది అడుగుతాడు.

ఈ కాలమ్ కాగితం మీద రాశాను. ఎడిటర్‌కు పంపే ముందు, నా జీవితంలో మొదటిసారి, మా ఆవిడ చేతికిచ్చి చదివి చెప్పమన్నాను. ఆవిడ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లింది. రెండు నిమిషాల్లో టీ కప్పుతో పాటు తెచ్చి ఇచ్చేసింది.

"బాగుంది. ముఖ్యంగా మధ్యలో చాలా బాగుంది" అంది.